అసెంబ్లీకి వాగు తెచ్చిన ఎమ్మెల్యే

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఇస్తారన్నా. మోకాళ్ళ లోతు నీళ్ళల్ల వాగు దాటిన, గంతే. మొర్రిగూడోళ్ళకు ఉప్పు లేదంటే ఒక ఉప్పు బస్తా నెత్తిన పెట్టుకొని దాటిన. మనిషన్నంక గా మాత్రం చెయ్యడా?"

అట్లా నాతో మొదలుపెట్టాడు రామచంద్రయ్య. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా హాషం చాయ్ హోటల్లో, పొద్దున తొమ్మిదింటికి. ఆయన ఎమ్మెల్యే. మాకు కాదు, ఎక్కడో ఉత్తరాన మహారాష్ట్ర హద్దు దాకా పోయే అడవిలోని జనానికి. గెలిచి నాలుగేళ్ళయింది. బంగళా మాత్రం మా శేరిగూడ దారిలో కట్టుకున్నాడు. ఓట్లు అక్కడ, ఉండేది ఇక్కడ. రోజూ హాషం దగ్గరికి వస్తాడు. చుట్టూ పదిమంది చేరేదాకా చాయ్ మొదటి గుక్క తాగడు.

ఆ రోజు చేరినవాళ్ళలో యాదమ్మ ఉంది. ఆయనను గెలిపించిన ఆ అడవిలోని మొర్రిగూడలో అంగన్‌వాడీ టీచర్. రాత్రంతా ప్రయాణం చేసి, రెండు బస్సులు మారి వచ్చింది. బంగళాకు పోతే సారు చాయ్‌కి పోయిండని చెప్పి ఇటు పంపారట. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. మొర్రిగూడ వాగు మీద వంతెన ఎప్పుడు కడతారని అసెంబ్లీలో అడిగే ప్రశ్న అది. ఊరంతా కూర్చుని రాయించుకుంది. ఎమ్మెల్యే సంతకం చేస్తేనే అది ప్రశ్న అవుతుంది. లేకపోతే ఉత్త కాగితమే. అదీ ఆ సాయంత్రం అయిదు లోపల అసెంబ్లీ ఆఫీసులో చేరాలి. దాటితే ఈ సమావేశాల్లో వాగు మాటే రాదు. యాదమ్మ కోడలు భాగ్యశ్రీకి ఏడో నెల. వానలు తెచ్చే మిరుగం కార్తె ఇంకో వారంలో పడుతుంది. వాగు పొంగితే ఆ గూడెం నుంచి దవాఖానకు దారి లేదు.

"సారూ, జర సంతకం పెట్టుండ్రి," అని ఆమె అప్పటికే రెండుసార్లు అడిగింది.

"పెడ్త తల్లీ, ఫికర్ చెయ్యకు. ముందుగాల గీ ముచ్చట విను. నీ వాగు ముచ్చటే. యాడున్న నేను? ఆఁ, మోకాళ్ళ లోతుల. నాలుగడుగులు ఏసిన్నో లేదో, నడుముల దాకొచ్చినయ్ నీళ్ళు. ఇంకో నాలుగు ఏసిన, మెడ దాక. ఉప్పు బస్తా మాత్రం తడవనియ్యలే. అవుతలి ఒడ్డుకు పోయి చూస్తే ఏమున్నది? నెలలు నిండిన పిల్లను మంచం మీద పండుకోబెట్టి నలుగురు మొగోళ్ళు నిలబడ్డరు. నీళ్ళు చూసి గజగజ వణుకుతున్నరు. నాకు మండింది! 'ఏం మొగోళ్ళురా మీరు, ఎక్కున్రి మీరు గూడ' అన్న. నలుగురూ మంచమెక్కిన్రు. ఒక్క చెయ్యితోని మంచం లేపి నెత్తిన పెట్టుకున్న."

"ఉప్పు బస్తా?" అన్నాడు హాషం, చాయ్ వడగడుతూ.

"ఇంకో చేతిల ఉన్నది కద, హాషం భాయ్! నడి వాగులకు వచ్చేసరికి నా నెత్తి మీదనే కాన్పయింది. మొగపిల్లగాడు. పుట్టంగనే నా దిక్కు చూసి దండం పెట్టిండు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. యాదమ్మ నవ్వలేదు.

"గా పిల్ల పేరు మనోజ, సారూ," అంది. "పోయినేడు శ్రావణంల. వాగు తగ్గుతదేమో అని పొద్దటి సంది పొద్దుమీకే దాక ఒడ్డు మీదనే మంచం దించుకొని కూసున్నం. తగ్గలే. తల్లి దక్కలే, పిల్ల దక్కలే. మీకు పదిసార్లు ఫోన్ కొట్టినం. మీటింగుల ఉన్నరన్నరు."



రామచంద్రయ్య చాయ్ ఒక గుక్క తాగాడు. "అది వేరే మంచం, తల్లీ," అన్నాడు.

నలభై ఏళ్ళు గుట్టల్లో రాళ్ళు కొట్టినవాణ్ణి. కూలి రేటు కోసం లాఠీదెబ్బలు తిన్నవాణ్ణి. కోతలు కోసే నాయకులు నాకు కొత్త కాదు. కానీ చచ్చిపోయిన పిల్లను పక్కకు జరిపి, కథను మళ్ళీ అందుకున్నవాణ్ణి అప్పుడే చూశాను. నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఆయన గొంతు ఇంకా పెంచాడు. "గా వేరే మంచం సంగతి యాదికొస్తేనే నా రక్తం ఉడుకుతది! గా కోపంతోనే సక్కగ అసెంబ్లీకి పోయిన. లేచి నిలబడి 'అధ్యక్షా' అన్న. ఒక్కటే మాట. కిటికీల అద్దాలు మూడు పగిలినయ్. మైకు కట్ చేసిన్రు. చేస్తె ఏమైతది? నా గొంతు నాంపల్లి స్టేషన్ల వినబడ్డది. కదిలిన రైలు గూడ ఆగింది, డ్రైవరు దిగి 'ఎవల్దయ్యా గా హారన్' అని అడిగిండట. మంత్రి ఏమన్నడో ఎరికేనా? 'రామచంద్రన్నా, అదెంత వాగు, పిల్లవాగు కద, చెప్పులు చేత పట్టుకొని దాటొచ్చు' అని నవ్విండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది సారూ?" అన్నాడు హాషం.

"నవ్వుతవా బిడ్డా అన్న. ఎనుకకు మొర్రిగూడ పోయిన. వాగును ఈ ఒడ్డుకెళ్ళి ఆ ఒడ్డు దాక చాప చుట్టినట్టు చుట్టిన. లారీల ఏసిన. చెక్‌పోస్టు కాడ ఆపి 'ఏం లోడు' అంటె 'వాగు' అన్న. తార్పాలిన్ తీసి చూసిండు, మొహం మీదకి ఒక కొర్రమట్ట చేప ఎగిరింది, సలాం కొట్టి ఇడిచిపెట్టిండు. సక్కగ తెచ్చి అసెంబ్లీ నడిమిట్ల పరిచిన!"

"యా అల్లా!"

"పొంగింది సూడు భాయ్! ఫైళ్ళు తేలుతున్నయ్. మంత్రులు పంచెలు ఎగ్గట్టిన్రు. జిందగీల మొదటిసారి రెండు పార్టీలోళ్ళు ఒకటే బల్ల మీద నిలబడ్డరు. స్పీకర్ గంట కొడుతుండు, నీళ్ళ కింద చప్పుడెట్లొస్తది? బుడగలొస్తున్నయ్. మార్షల్స్ తెప్పల మీద వచ్చిన్రు. నేను మాత్రం అంగి గల్ల మీద నీటిబొట్టు పడకుంట నిలబడి మాట్లాడిన. గంట కాదు, రెండు కాదు, మూడు దినాలు! మంత్రి మునిగి తేలుతున్నడు. నా కాలు పట్టుకున్నడు. 'బ్రిడ్జి ఇస్తా, రామచంద్రన్నా, నన్ను ఒడ్డుకెయ్యి' అన్నడు. 'ముందుగాల సంతకం' అన్న. మునుగుకుంటనే పెట్టిండు!"

"మరి గన్ని నీళ్ళు ఏం చేసిన్రు?"

"మంచి మాట అడిగినవ్. మళ్ళ చుట్టి తీసుకపోతుంటె జర మిగిలినయ్. ఇంటికొచ్చేటప్పుడు తెచ్చి మన ఇబ్రహీంపట్నం చెరువుల పోసిన. గా ఏడు అలుగు దుంకింది కద? వానలకనుకున్నరా మీరు? నేను పోసినవే!"

ఇక ఊరుకోలేకపోయాను. "సంతకం పెట్టిండు కద సారూ. మరి బ్రిడ్జి యాడున్నది?"

ఆయన తడుముకోలేదు. కళ్ళు కూడా ఆర్పలేదు. "గదే కద ఇస్తారన్నా నా కడుపుమంట! నీళ్ళల్ల పెట్టిన సంతకం నిలుస్తదా? కడుక్కపోయింది. లేకుంటె ఇయ్యాల మొర్రిగూడ వాగు మీద నాలుగు లైన్ల బ్రిడ్జి ఉండేది. గీ ప్రజల కోసం నేను పడ్డ తిప్పలు ఇంకొకడు పడితె సచ్చిపోతడు."

యాదమ్మ లేచింది. చాయ్ మరకలున్న బల్లను కొంగుతో తుడిచింది. కవర్లోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచింది. పెన్ను మూత తీసి చేతికిచ్చింది.

"ఈడ నీళ్ళు లేవు సారూ. పెట్టు."

'పెట్టుండ్రి' కాస్తా 'పెట్టు' అయింది. ఆయన గమనించలేదు. కథ చెప్పిన ఊపులో ఉన్నాడు. ఎడం చేత్తో చాయ్ పట్టుకుని, హాషంను ఇంకో సగం పొయ్యమని సైగ చేస్తూ, కుడిచేత్తో కాగితం పైన మూలకు రెండు ముక్కలు గీకాడు. కింద పాములాంటి సంతకం పెట్టాడు. బంగళా ముందు నిలబడ్డ జనం కాగితాల మీద రోజూ గీకినట్టే గీకి, ఆమె వైపు జరిపాడు. "పో తల్లీ. అయిపోయింది నీ పని."

యాదమ్మ కాగితం తీసి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. తర్వాత హోటల్లో అందరికీ వినపడేటట్టు చదివింది.

"'స్థానిక శాసనసభ్యులు గారికి. పరిశీలించి తగు చర్య తీసుకోగలరు.' కింద రామచంద్రయ్య అని సంతకం."

హాషం చేతిలో చాయ్ గిన్నె అట్లాగే ఆగిపోయింది.

"మొర్రిగూడకు స్థానిక శాసనసభ్యుడు ఎవరు సారూ?" అని అడిగింది. "యాడుంటడు? చెప్పు, గీ కాయితం తీసుకపోయి ఆయనకిస్త."

రామచంద్రయ్య నవ్వబోయాడు. చుట్టూ చూశాడు. ఒక్కరూ కలిసి నవ్వలేదు. "అలవాటు తల్లీ," అన్నాడు. "రోజుకు వంద కాయితాలొస్తయ్. చెయ్యి అదే రాసుకుంట పోతది."

"అవ్. నాలుగేండ్ల సంది గదే రాస్తున్నది. మా కాయితాలు యాడికి పోయినయో ఇప్పుడెరికయింది. నువ్వు నీకే పంపుకున్నవ్. నీ కాడికే వచ్చినయ్. నువ్వు విప్పలే."

ఆమె కవర్లోంచి ఇంకో కాపీ తీసింది. అదే ప్రశ్న. ఈసారి ఆయన ముందు పరచలేదు, రెండు చేతులా ఇచ్చింది. ఆయన బల్ల మీది పెన్ను వైపు చెయ్యి పోనిచ్చాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"సంతకం ఎనుక పెడ్దువు. ముందుగాల సదువు. పైకి సదువు."

బస్టాండులో హైదరాబాదు బస్సు హారన్ కొట్టింది. ఆమె అటు చూడలేదు. మేమెవరమూ లేవలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు, కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు, పెదవులు కదిలించాడు.

"వినబడతలేదు," అంది యాదమ్మ. "జర గట్టిగ సదువు, సారూ."