తలుపు వెనక ఉన్నది

టోక్యోలో భర్త తీసిన పీడకలల సినిమా మొదటి ఆట అయిపోయింది. ఫుమికా హాలు బయట గొడుగు అందుకుంది గానీ అతని మొహం చూడలేదు.

"సినిమాలో ఆ పిల్లకి వచ్చేది నా కల."

"నువ్వు చెప్పిందే కదా."

"కలలు మేసే బాకు అనే కథల జంతువుకి పెట్టేస్తాను, చెప్పెయ్ అన్నావు. ఊరంతటికీ వడ్డించావు."

"పేరు మార్చానుగా."

"నేను చెప్పింది కలలో తలుపు కనబడే దాకానే. దాని వెనక చచ్చిపోయిన మా చెల్లి ఉంటుందని నీకెవరు చెప్పారు?"

"నువ్వే. నిద్రలో అరిచావు."

"అరిస్తే లేపుతానన్నావు. ఆ మాట నమ్మే ఇన్నేళ్లూ నీ పక్కన కళ్లు మూసుకున్నాను."

అతను తన గొడుగు విప్పి ఆమె మీదికి పట్టాడు.

"లేపుదామనే చెయ్యి వేశాను, ఫుమికా. లేపితే ఆ తలుపు తెరుచుకునేది కాదు."