చివరి వరస

షోరూంలో పక్కపక్కనే పెట్టిన రెండు పెద్ద బళ్ళలో నల్లదాని చివరి వరసలోకి భర్త ఎలాగో దూరి కూర్చున్నాడు. భార్య తలుపు దగ్గర నిలబడింది.

"మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇదే తీసుకుందాం."

"తెల్లదాంట్లో వెనక కూడా కాళ్ళు బారజాపుకోవచ్చండీ. ధరలో పెద్ద తేడా లేదు."

"అందుకే అది వద్దంటున్నా. తను బండి కొన్న దగ్గర్నుంచీ మీ బావ నన్ను చివర్లో సామాన్ల మధ్య కుక్కుతున్నాడు. పైగా అద్దంలో చూసి, 'ఏం తమ్ముడూ, సర్దుకున్నావా' అని ఓ నవ్వు."

"మీరూ నవ్వేవారుగా."

"నవ్వక ఏడవమంటావా అందరి ముందూ? ఇప్పుడు ఆయన ఇక్కడ కూర్చోవాలి. నేను అద్దంలో చూడాలి."

"ఆయనకి సొంత బండుంది. మన బండి ఎందుకెక్కుతారు?"

భర్త పక్కనున్న ఖాళీ సీటు తడిమాడు.

"మరి ఇక్కడ ఎవరు కూర్చుంటారు?"

"ముందు మనిద్దరం. మధ్యలో పిల్లలు ముగ్గురూ. వెనక మీ అమ్మగారు."

అతను లేవబోయాడు. మోకాలు ఇరుక్కుపోయింది.

"కాస్త చెయ్యివ్వు."

ఆమె చెయ్యందించి లాగింది. బయటపడి, చొక్కా సర్దుకుని, తెల్లబండి వైపు చూశాడు.

"ఇది మీ బావ బండికన్నా పొడుగేనా?"