మొలతాడుకి వేలాడిన రివాల్వర్

"చిన్న రివాల్వర్ ఒకటి మీ దగ్గర ఉందనుకోండి. రోజంతా ఒంటి మీదే ఉండాలి. ఎవరికీ కనబడకూడదు. కూర్చున్నా వంగినా గుచ్చుకోకూడదు. ఎక్కడ పెట్టుకుంటారు? ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు" అని అడిగాను మనవలిద్దర్నీ.

"బ్యాక్‌ప్యాక్‌లో" అన్నాడు హర్షవర్ధన్, ఆలోచించకుండానే.

దేదీప్య మాత్రం నా మొహంలోకి చూసింది. "అమ్మమ్మా, ఇది చక్రపాణి అంకుల్ గురించేనా? హర్ష బర్త్‌డే రోజు మీరందరూ ప్యాటియోలో ఒక్కసారి సైలెంట్ అయిపోయారు. మేం విండోలోంచి చూశాం."

ఆయన గురించే. సగం చూసి, మిగతా సగం ఊహించుకుని స్కూల్లో చెప్పుకునేకన్నా మొత్తం వినడం మంచిదనిపించి చెప్పడం మొదలుపెట్టాను. అయితే ముందుగా ఒక విషయం తెలియాలి, అది తెలియకపోతే కథే అర్థం కాదు. చక్రపాణి ఈ అమెరికాకి వచ్చి పదిహేనేళ్ళు దాటింది, ఇంకా ఉద్యోగం మీద ఇచ్చే హెచ్‌వన్‌బీ వీసా మీదే ఉన్నాడు. ఇక్కడే స్థిరపడనిచ్చే గ్రీన్‌కార్డు చివరి మెట్టు దగ్గరుంది, ఇంటర్వ్యూకి పిలుపు కూడా వచ్చింది. అది సవ్యంగా జరిగితే ఫ్రిస్కోలో ఇల్లు, పిల్లల చదువు అన్నీ నిలుస్తాయి. తేడా వచ్చిందా, సామాను సర్దుకోవాల్సిందే. ఆ పిలుపు వచ్చినప్పటి నుంచీ ఆయన భార్య దమయంతి కారు స్పీడ్ లిమిట్ దాటనివ్వడం లేదు, లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైనా గాభరా పడిపోతోంది.

"పాపం ఆంటీ" అంది దేదీప్య.

సరే, ఆ రోజు మధ్యాహ్నం మీరంతా లోపల కేకు చుట్టూ ఉన్నారు. మేం పెరటి ప్యాటియోలో, మొక్కజొన్న కాల్చే గ్రిల్ పక్కన కూర్చున్నాం. వెనక వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడి బంగారం ఎత్తుకెళ్ళారన్న మాట వచ్చింది. "ఒక గన్ కొనుక్కోవాలేమో" అన్నాడు పక్కింటి రాజీవ్, సరదాకే. చక్రపాణి చేతిలోని మొక్కజొన్నపొత్తు ప్లేట్‌లో పెట్టి, మూతి తుడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆయన కుర్చీ జరిపాడంటే ఏదో గొప్ప కథ రాబోతోందని అందరికీ తెలుసు. రాజీవ్ ఫోన్ తీసి వీడియో ఆన్ చేశాడు.

"కొనడం పెద్ద విషయం కాదు తమ్ముడూ, మోయడమే విషయం. నా దగ్గరుంది, అరచేతిలో ఇమిడేంత. ఎవరితో అనకండి. మొదట్లో కుడి నడుం దగ్గర పెట్టుకున్నా. నిలబడితే బానే ఉంది, కారెక్కి సీట్‌బెల్ట్ పెట్టుకున్నానా, పిడి వెళ్ళి డొక్కలో పొడిచింది. ఆఫీస్‌కి వెళ్ళేసరికి చొక్కా ఎత్తి చూస్తే దాని అచ్చు పడింది, స్క్రూలతో సహా. మర్నాడు వెనక్కి మార్చా. మీటింగ్‌లో కుర్చీకి ఆనుకుంటే 'టంగ్'మని మోత. మేనేజర్, 'చక్రా, ఆ సౌండేంటి?' అన్నాడు. 'వెన్నెముక' అన్నా. వారం రోజులు లీవ్ ఇచ్చాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

"ఆ తర్వాత కాలికి కట్టుకున్నా, చీలమండ పైన, ప్యాంటు కింద. అబ్బ, స్వర్గం! అక్కడే తప్పు చేశా. మన తెలుగువాళ్ళ ఇళ్ళకి అలా వెళ్ళొచ్చా? గుమ్మం దగ్గరే బూట్లు, సాక్సు విప్పాలి. సత్యనారాయణ వ్రతం, పంచె మీద ఉన్నా. బాసింపట్టు వేసుకుని కూర్చున్నానా, మోకాలు పైకి లేచింది, పంచె కిందకి జారింది. పంతులుగారు మంత్రం ఆపేశారు."

"ఏమన్నారన్నా?" రాజీవ్ ఫోన్ ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు.

"'నాయనా, దానికి కూడా కుంకుమ పెట్టాలా?' అన్నారు."

"జేబులో వేసుకోవచ్చుగా?" అన్నాడు మళ్ళీ రాజీవ్.

"తాళాలతో కలిపా? బుద్ధుందా? ట్రిగ్గర్‌లో తాళంచెవి దూరితే ముందు నీ కాలే పోతుంది!"

ఈ ఒక్క మాటా నిజమే పిల్లలూ. అందుకే అలాంటివాటికి తోలుతోనో ప్లాస్టిక్‌తోనో గట్టి తొడుగు ఉంటుంది, ట్రిగ్గర్‌కి ఏదీ తగలకుండా. గొప్పలు చెప్పేవాళ్ళు ఇలా మధ్యలో ఒక్క నిజం వేస్తారు, మనం మిగతావి కూడా దాంతోపాటే మింగేస్తాం.

అప్పుడు చక్రపాణి గొంతు తగ్గించాడు. "ఆఖరికి ఏం చేశానో తెలుసా? మొలతాడు! మా నాయనమ్మ కట్టిన నల్ల మొలతాడు. తొడుగుని దానికే ముడేశా. బొజ్జ కింద, బొడ్డుకి కాస్త ఎడంగా. పైన బొజ్జ గొడుగులా కమ్ముకుంటుంది. బయటివాడికి కాదు, నాకే కనబడదు! బరువు ఎంత అలవాటైపోయిందంటే, ఓ రోజు తీసి పక్కన పెడితే రోజంతా ఓ పక్కకి ఒరిగి నడిచా. స్నానం దాంతోనే, నిద్ర దాంతోనే, బ్యాడ్మింటన్ దాంతోనే. మోకాలి నొప్పికి ఎమ్మారై తియ్యాలన్నారు. అది పెద్ద అయస్కాంతం కదా, లోపలికి పంపగానే రివాల్వర్‌ని లాగడం మొదలెట్టింది. నేను లొంగుతానా? ఊపిరి బిగబట్టా. కాసేపటికి నేను అటు పోలేదు, మిషనే ఇటు వచ్చింది!"

"మిషన్ ఇటొస్తే గోడ విరగలేదా అమ్మమ్మా?" అన్నాడు హర్షవర్ధన్.

వింటున్నవాళ్ళెవరూ గోడ గురించి అడగలేదు. అప్పుడే దమయంతి పులిహోర గిన్నెతో తలుపు తీసుకుని వచ్చి, 'రివాల్వర్' అన్న మాట విని గడప మీదే ఆగిపోయింది. ఆమె కళ్ళు మొగుడి మీద లేవు, రాజీవ్ చేతిలో ఉన్న ఫోన్ మీద ఉన్నాయి. "ఏవండీ, చాల్లెండి" అంది మెల్లగా. ఆయనకి వినబడలేదు. వినబడ్డా ఆగే మనిషి కాదు.

"మొన్న వసంతంలో, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఏమైందో తెలుసా? ముసుగేసుకున్నవాడొకడు ఓ పెద్దావిడ మెళ్ళో గొలుసు పట్టుకున్నాడు. చుట్టూ జనం, ఒక్కడూ కదలడం లేదు. నా చెయ్యి మొలతాడు మీదకి వెళ్ళింది. టప్! వాడి ఎడమ బూటు లేసు తెగింది. టప్! కుడి బూటు లేసు తెగింది. పరిగెత్తబోయి బోర్లాపడ్డాడు. ఇంతలో సైరన్. పోలీసులనుకున్నారా? కాదు, టోర్నడో! నల్లగా, నేలా ఆకాశం కలిపేసి, స్టోర్ మీదికే వస్తోంది. లోపల మనవాళ్ళు, పసిపిల్లలు. పారిపోనా? ఎదురెళ్ళా. దాని నడిమధ్య గురి చూశా. ఒక్కటే గుండు. అది గిర్రున తిరగడం ఆపింది, వంగి నన్ను చూసింది, మర్యాదగా పక్క రాష్ట్రం ఓక్లహోమా వైపు మళ్ళింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమవుతుందో నేను చెప్తాను" అంది రష్మి.

రష్మి వీసాల లాయరు. అప్పటిదాకా మూలన కూర్చుని తింటోంది, ఒక్కసారి కూడా నవ్వలేదు. "చక్రపాణి గారూ, మీరింకా హెచ్‌వన్‌బీ మీదే కదా? ఆ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు. ఏవో ఒకటి రెండు మినహాయింపులు తప్ప అది ఫెడరల్ నేరం. జైలు సంగతి అటుంచండి, ముందు గ్రీన్‌కార్డు పోతుంది."

గ్రిల్ మీద మొక్కజొన్న చిటపటలాడటం వినిపించింది.

"మినహాయింపు... వేట లైసెన్సు!" చక్రపాణి గబుక్కున అన్నాడు. "నేను వేటాడతాగా!"

"గుడ్డుందేమోనని ఇందాక కేకు ముట్టుకోలేదు మీరు" అంది రష్మి. "దేన్ని వేటాడతారు? చూడండి, ఇది నిజమైతే ఇక్కడ ఇంకొక్క మాట మాట్లాడకండి, రేపు పొద్దున్నే ఒక క్రిమినల్ లాయర్‌ని కలవండి. అబద్ధమైతే ఇప్పుడే చెప్పండి."

"అబద్ధమే! అంతా అబద్ధం! తుపాకీ లేదు, ఏమీ లేదు" అన్నాడు చక్రపాణి.

విచిత్రం ఏమిటంటే, ఎవరూ నమ్మలేదు. ఇన్నాళ్ళూ ఆయన చెప్పినవి ఒక చెవితో విన్నవాళ్ళం, మొదటిసారి నిజం చెప్తుంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను కూడా ఆయన చొక్కా కిందకే చూశాను. సీట్‌బెల్ట్ పెడితే పిడి పొడవడం, తాళాల సంగతి, అంత వివరంగా ఎలా తెలుసు మరి? ఆయన లేచి జేబులు తిరగేశాడు, చొక్కా ఎత్తాడు. "ఇంటర్నెట్‌లో చూశానమ్మా, ఒట్టు! బాగుందని చూశా!" అన్నాడు నాతో.

రాజీవ్ ఫోన్ దించాడు. "అన్నా... మొదటి ముక్క ఫ్యామిలీస్ గ్రూప్‌లో పెట్టేశాను. నా దగ్గరుంది అని నువ్వన్నది."

ఆ గ్రూప్‌లో అవతల కాపెల్ ఊరి నుంచి ఇక్కడిదాకా మనవాళ్ళంతా ఉంటారు. రష్మి కళ్ళు మూసుకుంది. చక్రపాణి కుర్చీలో కూలబడ్డాడు.

దమయంతి పులిహోర గిన్నె బల్ల మీద పెట్టింది. కొంగు నడుముకి చుట్టింది. "అది తీసెయ్ రాజీవ్. తీసేసినా చూసినవాళ్ళు చూసే ఉంటారు, అందుకని ఇప్పుడు నేను చెప్పేది తియ్యి. ఇదే గ్రూప్‌లో పెట్టు" అంది.

ఫోన్ ఆమె వైపు తిరిగింది.

"నమస్కారమండీ, నేను దమయంతిని. మా ఆయన దగ్గర తుపాకీ ఉందన్నారట. మా ఇంట్లో కుక్కర్ మూడో విజిల్ వేస్తే ఈయన గరాజ్‌లోకి వెళ్ళిపోతారు. దీపావళికి బయట టపాసులు కాలుస్తుంటే బాత్రూమ్‌లో చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటారు, టపాసులు అయిపోయాయని నేను తలుపు కొట్టాలి. బుడగ పేలుతుందని మా పిల్లల పుట్టినరోజుకి ఇంట్లో బుడగలు కట్టం."

మొదట ఒక్కరు కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. రష్మి కూడా నవ్వింది, ఆ రోజు మొదటిసారి. అప్పుడు నమ్మాం, అందరం. దమయంతి మాత్రం నవ్వలేదు, చెంపలు తడిగా ఉన్నాయి. ఇక చాలేమో అన్నట్టు మొగుడి వైపు చూసింది.

చక్రపాణి రెండు చేతులూ జోడించాడు. "ఇంకా చెప్పు దమయంతీ. ఆపకు. బొద్దింక సంగతి కూడా చెప్పు" అన్నాడు.

"చెప్పిందా?" అన్నారు మనవలిద్దరూ ఒక్కసారే.

"చెప్పింది. అదీ వీడియోలో ఉంది."

"మరి ఇంటర్వ్యూ ఏమైంది?" అడిగింది దేదీప్య.

"వచ్చే వారం. రష్మి కూడా వెంట వెళ్తోంది. ఎవరేం అడిగినా అడిగిందానికే, నిజమే చెప్పాలని ఆయనకి రోజూ అభ్యాసం చేయిస్తోందట."

"బొద్దింక సంగతేంటి అమ్మమ్మా?" హర్షవర్ధన్ నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు.

"ఆయన్నే అడుగు నాన్నా. ఇప్పుడు అడక్కపోయినా చెప్తున్నాడు. దమయంతి చెప్పినప్పుడు అది మామూలు బొద్దింకే. నిన్న ఆయన చెప్పేటప్పటికి పిల్లిపిల్లంత అయింది, రెక్కలు విప్పితే ఫ్యాన్ ఆగిపోయిందట. వదులు, వాషర్ ఎప్పుడో ఆగింది. తడిబట్టలు ముక్కిపోతాయి, డ్రయర్‌లో వేసొస్తాను."