ఒక్క రాయంత తేడా

పొగమంచులో లోయంతా మునిగిపోయింది. చలికాలపు ఎండలో కొండల తలలు మాత్రం దీవుల్లా తేలుతున్నాయి. సర్వేయరు పడమటి కొండ కొన మీద దుర్భిణి బిగించి ఎదుటి కొండను చూస్తుంటే, స్నేహితుడు పక్కనే చతికిలబడ్డాడు.

“ఏది పెద్దదిరా?”

“మనం ఎక్కిందే. మూరెడు తేడా.”

“అయితే నేనే గెలిచానన్నమాట. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఆ ఎదుటిదే పెద్దదని పంతం పట్టింది. తను పోయేదాకా నేను ఒప్పుకోలేదు.”

“దాని కొన మీద ఆ రాళ్ళ కుప్పేంట్రా?”

“నేను పేర్చిందే. వెళ్ళినప్పుడల్లా ఒకటి పెట్టి వస్తున్నా.”

“పేర్చిన రాళ్ళు లెక్కలోకి రావురా. నేల ఎంతవరకో అంతే కొలుస్తాం.”

“తెలుసులే. మాటవరసకి అడుగుతున్నా. వాటిని కూడా కలిపితే?”

స్నేహితుడు తలెత్తకుండా కాళ్ళ దగ్గరి గులకరాళ్ళు కెలుకుతున్నాడు. సర్వేయరు మళ్ళీ కన్ను ఆనించాడు. మంచు పైకి లేచి ఎదుటి కొండను అప్పటికే కప్పేసింది. దుర్భిణి నిండా తెలుపే. అయినా చాలాసేపు చూశాడు.

“ఒక్క రాయి తక్కువైందిరా.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. ఇక్కడిదే ఏరుకో, ఇదీ కాస్త తగ్గుతుంది. పద, మంచు విడిపోయేలోపు పెట్టి వద్దాం.”