మా కుంటల తాంబేళ్లన్నీ ఒక్కటి గావు

"అమ్మమ్మా, నీళ్ల తాంబేళ్లు ఎన్ని తీర్లు? ఎట్ల పోల్చుకోవాలె? కాలేజీల రాసుకరమ్మన్నరు."

ఆఁ, గిట్ల అడుగు. ఫోన్ల రికార్డు జేస్తున్నవా? జెయ్. ఎవ్వని ముంగటనైనా గిదే మాట జెప్త, నాకేం భయం.

మా నాయిన, అంటే నీ ముత్తాత, గాలమేసి చాపలు వట్టెటోడు. తట్ట నెత్తినెత్తుకొని పటాన్‌చెరు అంగడికి నడిసిపోయెటోళ్లం. కిలో చాపలు రూపాయిన్నర... కాదు కాదు, రూపాయే. రూపాయిన్నర అంటే జనం కొట్లాటకొచ్చెటోళ్లు. ఏం జెప్తున్న? ఆఁ, తాంబేలు. మా నాయిన అంటుండె, "బిడ్డా, తాంబేలును మొగం జూసి గాదు, చిప్ప జూసి, కాళ్లు జూసి పోల్చుకోవాలె" అని. చిప్ప గట్టిగ, నల్లగ ఉండి, వీపు మీద పొడుగునా మూడు గీట్లు లేస్తే అది నల్ల తాంబేలు. చిప్ప మీద తోలు గప్పి ఉంటే మెత్త తాంబేలు. దాన్ని ఎల్లెలుకల తిప్పి సూడు, ఎన్క కాళ్లు లోపలికి గుంజుకుంటది, తోలు రెక్కలు తలుపుల్లెక్క మూసుకుంటయి. మంజీర నదిల ఇంకోటుంటది. గది గూడ మెత్తదే గని శాన పెద్దగ, ముక్కు గొట్టం లెక్క. కాళ్ల ఏళ్ల నడుమ తోలుంటే నీళ్లది. కాళ్లు మొద్దుల్లెక్క ఉంటే మెట్టది, దాన్ని నీళ్లల్లేస్తే మునిగి సస్తది. సముద్రంలయి నేను సూడలే, వాటికి కాళ్లు తెడ్లలెక్క ఉంటయని నువ్వే జెప్తివి.

ఇగ అసలు ముచ్చట ఇను. మూడేండ్లాయె. మా ఊరి కుంటను పూడ్చి ప్లాట్లు జేస్తనని ఒక సేటు వచ్చిండు. ఇంద్రేశం దిక్కు అంత ప్లాట్లే గద, ఇగ మా మీద వడ్డరు. నీ మేనమామ మల్లేశు గా సేటు కాడనే వాచ్‌మన్. "ఈ నీళ్లు ఎప్పుడో పాడైనయి, ఇందుల జీవి లేదు" అని సేటు కాయితం రాయించిండు. నిజమా కాదా సూడనీకె పట్నంకెల్లి ఒక సర్కారు సారు వచ్చిండు. బూట్లకు మట్టంటకుండ కట్ట మీదనే నిలవడ్డడు. ఊరంత ఉన్నరు, ఒక్కరు నోరు దెరుస్తలేరు.

నేనన్న, "సారూ, ఇందుల తాంబేళ్లున్నయి."

సేటు నవ్విండు. "ఒకటో రెండో తాబేళ్లుంటే ఏమాయె అవ్వా? పట్టి ఇంకో చెరువుల ఇడుస్తం."

మల్లేశు నా చెయ్యి గుంజిండు. "అమ్మా, నా నౌకరీ వోతది. జెర ఊకో."

"నౌకరీ వోతే ఇంకోటి దొర్కుతదిరా. కుంట దొర్కదు" అన్న. కొంగు నడుముకు జెక్కి దిగిన. గప్పటికే డెబ్బై దాటిన. ఎండకాలం, నీళ్లు మోకాళ్ల దాకనే. కాళ్లతోని బురద దడుముకుంట పోయిన. బండైతే కదలది, తాంబేలైతే కాలు కింద జరుగుతది. మొదలు మెత్తది దొర్కింది, మెడ సాపి కొరకనీకె వచ్చింది. చిప్ప ఎన్క అంచు వట్టుకోవాలె, లేకుంటే ఏలు వోతది. తర్వాత నల్లది. ఇంకా పోతే మూడోది, పచ్చగ, గట్టి చిప్పతోని.

"మూడు తీర్లు! మూడు రాయుండ్రి సారూ" అని ఎన్కకెల్లి ఎవ్వరో అర్సిండ్రు.

వద్దన్న. "గిది మనది గాదు సారూ. చెవు కాడ ఎర్ర మచ్చ సూడుండ్రి. పట్నంల అద్దాల తొట్టిల పెంచుకొని, పెద్దగైతే తెచ్చి ఇడిసిపోతరు. మనయి రెండే. రెండే రాయుండ్రి."

గప్పుడు దిగిండు సారు కట్ట కిందికి. బూట్లు బురదైనా సూసుకోలే. కూసుండి ఒక్కొక్కదాన్ని తిప్పి తిప్పి సూసిండు.

"అన్నీ తాబేళ్లే గద సార్, ఒక్కటని రాస్తే అయిపాయె" అన్నడు సేటు.

నాకు మండింది. "మీరు అన్నదమ్ములు నలుగురున్నరు. ఒక్కడే అని రాసి జాగ ఒక్కనికే ఇస్తే ఊకుంటవా సేటూ?" అన్న. జనం పక్కున నవ్విండ్రు. గా నవ్వుతోనే ఊరికి నోరొచ్చింది. ఒకామె కొంగలొస్తయన్నది, ఒకాయన మా బర్లు గీ నీళ్లే తాగుతయన్నడు. సారు అన్నీ రాసుకున్నడు.

సారు రాసిన కాయితంతోని పూడ్చుడు ఆగింది. ఒక మూలకు అప్పటికే మొరం వోసిండ్రు, గా మూల పోయింది. మిగిలిందాన్ని ముట్టలే.

మల్లేశు నౌకరీ వోయింది, నిజమే. రెండు నెలలు నాతోని మాట్లాడలే. పెడ్తే తింటుండె, మొగం సూస్తలేడు. బాధ గాలేదంటే అబద్ధమైతది. తర్వాత పటాన్‌చెరుల కంపెనీల పని దొర్కింది. ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి తినుకుంట, "అమ్మా, చారుల ఉప్పెక్కువైంది" అన్నడు. గంతే. గా ఉప్పుకు దండం వెట్టుకున్న.

మళ్ల గట్లనే అయితే మళ్ల దిగుత. మోకాళ్లు నొస్తయి, అయినా దిగుత.

నువ్వు మంచిగ సదువు బిడ్డా. తెల్వనిది తెల్వదను. తెలిసింది మాత్రం ఎంతటోడు ముంగటున్నా తలకాయ ఎత్తి జెప్పు. నీ మాట నేల వడొద్దు, నీ కడుపు సల్లగుండాలె... ఆఁ, ఏంది, ఇంకా రికార్డు అయితనే ఉన్నదా?