మీ తాత రెండో మాట బందువెట్టిన ముచ్చట

"అవ్వా, గుడ్ ఫ్రైడే దగ్గరవడ్డది. తాత రెండో మాట మస్తు చెప్తుండెనంట గద. మరెందుకు బందువెట్టిండు? పాస్టరయ్య వద్దన్నడా?"

ఎవరు చెప్పిన్రే నీకు, పాస్టరయ్య వద్దన్నడని? అందరు గట్లనే అనుకుంటరు తీయ్. అగో, ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కిచ్చుకో. జర గా ఫ్యాన్ తక్కువ జెయ్, నా గొంతు ఇనబడాలె గద.

నీకు తెల్వంది ఏమున్నది, గుడ్ ఫ్రైడే నాడు ఏసుప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఏడుగురికి పంచుతరు. ఒక్కొక్కరు లేసి ఒక్కో మాట మీద చెప్పాలె. రెండోది మీ తాతది. పక్క సిలువ మీదున్న దొంగకు ప్రభువు పరలోకం ఇస్తనన్నడు సూడు, గది. నా పెండ్లయి వచ్చిన కాడికెళ్లి... కాదు కాదు, మీ అమ్మ పుట్టినంకనే, అప్పటిసంది ఆయనదే. క్యారట్ తవ్వుకుంట గూడ లోపట లోపట అదే అనుకుంటుండె. నీకు దొంగ తప్ప ఇంకెవ్వరు దొర్కలేదా అని నేను నవ్వుతుంటి. గప్పుడు మొయినాబాద్ కెళ్లి మెహదీపట్నంకు బస్సు టికెట్ రెండు రూపాయలే. క్యారట్ మూటలు టాప్ మీదేసుకొని పోతుంటిమి, కండక్టరు లొల్లి వెట్టుకుంటుండె... సరే, నువ్వడిగింది అది గాదు గద.

ఆ ఏడు, కరోనా అయిపోయినంక. మా తమ్ముడు, మీ దేవదాసు తాత, ఇంటి మీద స్లాబ్ ఏసిన ఏడు. గుడ్ ఫ్రైడేకు ముందటి శ్రమదినాలు నలపై రోజులు పాస్టరయ్యది ఒక్కటే ముచ్చట. కడుపుల పడ్డ నలుసు గూడ దేవుడిచ్చిన పానమే, తీపిచ్చుకోవద్దు అని. మంచిగ చెప్పిండు, అబద్ధమెందుకాడాలె? నాకు మీ అమ్మ కంటె ముందుగాల రెండు కడుపులు నిలవలే. గవ్విటిని ఎవ్వరు పానాలనలే బిడ్డా. "పోతే పోయింది తీయ్" అన్నరు. పాస్టరయ్య మాట ఇని నేను కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సిన.

గదే ముచ్చట మీద చేవెళ్లల ర్యాలీ వెట్టిన్రు. చేతుల అట్టలు వట్టుకొని ఎండల నడిసినం. మా దిక్కు లీడర్ సారు గూడ వచ్చిండు. పేరెందుకు తీయ్, జన్వాడ రోడ్డుకు మామిడి తోట, ఫాం హౌసు ఉన్నయి ఆయనకు. మైకు వట్టుకొని ప్రతి ప్రాణం పవిత్రం అన్నడు. మేమందరం సప్పట్లు గొట్టినం. మీ తాత గూడ గొట్టిండు.

గప్పుడే చేన్లల్ల బోరు మోటర్ల వైర్లు కోసుకపోతుండ్రి, రాగి కోసం. పంటలు ఎండుతుంటె రైతులకు కడుపు మండదా మరి? ఒకనాడు పొద్దుగాల సారు తోటల ఒక పోరడు దొరికిండు. ఇరవై ఏండ్లుంటయో ఉండవో. చెట్టుకు కట్టేసి కొట్టిన్రు. సారు మనుషులు కొట్టిన్రు, ఊరోళ్లు గూడ కొట్టిన్రు. మా తమ్ముని కొడుకు ప్రభు గప్పుడు సారు కాడ డ్రైవర్. వాడు గూడ కొట్టిండు. నేనెత్తుకున్న పిలగాడు, నా సంకల పెరిగిన పిలగాడు! పొద్దు నెత్తి మీదికి రాకముందే ఆ పోరని పానం పోయింది. ఉరుకుతుంటె రాళ్ల మీద వడ్డడని చెప్పిన్రు. ఊరందరు గదే మాట పట్టుకున్నరు.

మీ తాత పాస్టరయ్య తాన్కి పోయిండు, నేను ఎంబడి పోయిన. "అయ్యా, ఈ ఆదివారం ఆ పిలగాని తల్లి కోసం ప్రార్థన జేద్దం" అన్నడు. పాస్టరయ్య గదువ గోక్కుంట, "అది రాజకీయమయిపోయింది అన్నా, సంఘంలకు తేవద్దు. ఎలక్షన్లు ముందట వెట్టుకొని మనకెందుకు?" అన్నడు. మీ తాత ఇంటికొచ్చి అన్నం ముట్టలే.

గుడ్ ఫ్రైడే వచ్చింది. సారు ముందట కుర్చీల కూసున్నడు, మెడల శాలువా. మొదటి మాట అయింది, పాట పాడినం, మీ తాత లేసిండు. లుంగీ సదురుకుంట మైకు తాన్కి పోవుడు నాకు ఆడోళ్ల దిక్కు నుంచి కానొస్తున్నది.

"ప్రభువు పక్కన ఉన్నది దొంగ. ఏం దొంగతనం జేసినవురా అని ప్రభువు అడగలే" అన్నడు. "కడుపుల నలుసుకు పానమున్నదని మొన్న చేవెళ్లల నడిసినం. మరి మామిడి చెట్టుకు కట్టేసిన పోరనికి లేకుండెనా? ఒక పానానికి ర్యాలీ దీస్తిమి, ఒక పానానికి నోరు మూసుకుంటిమి. గిదేం న్యాయం?"

గంతట ఆగితే అయిపోవు గద! ఆగలే. "పరాయోళ్లనే అంటే నాది గూడ తప్పయితది. కొట్టినోళ్లల్ల మా ఇంటి పిలగాడు గూడ ఉన్నడు" అన్నడు.

మా తమ్ముడు లేసి, చెప్పులు గూడ తొడుక్కోకుంట బయటికి పోయిండు.

నువ్వు గిప్పుడు ఎక్కిస్తున్నట్టే ఎవరో అది ఫోన్ల ఎక్కిచ్చిన్రు. వాట్సాప్‌ల తిరిగింది. మల్ల పోలీసులొచ్చిన్రు. సారు మనుషులల్ల ఒక్కడు దొర్కలే, ప్రభు దొరికిండు. ఇంట్లనే ఉన్నడు గద, యాడికి పోతడు? సారు పార్టీ మారిండు, గెలిసిండు గూడ. మా తమ్ముడు మాత్రం మా వాకిట్లకొచ్చి, "అక్కా, నీ మొగడు మంచోడనిపిచ్చుకునేతందుకు నా కొడుకును బలిచ్చిండు. నాకింక అక్క లేదు" అన్నడు. ప్రతి క్రిస్మస్‌కు నాకు చీర తెచ్చేటోడు బిడ్డా. చీర పోతే పోనీ, అక్కా అని పిలిసే నోరు పాయె.

కొన్నొద్దులకు ప్రభు బెయిల్ మీదొచ్చిండు. సచ్చిపోయిన పోరని సుట్టాలకు తెలిసింది. శంకర్‌పల్లి అవుతల కెళ్లి ట్రాలీ ఆటోల కట్టెలు వట్టుకొని తమ్ముని ఇంటి ముందట దిగిన్రు, పట్టపగలు. తమ్ముడు ప్రభును లోపటికి గుంజి గొళ్లెం వెట్టుకున్నడు. ఊరోళ్లు ఎవ్వరి తలుపులు ఆళ్లు ఏసుకున్నరు. మీ తాత మడుల నుంచి మట్టి చేతులతోనే ఉరికొచ్చి ఆ తలుపుకు అడ్డం నిలవడ్డడు. నేను ఎనుక ఉరుకుతున్న.

"మీ పోరని గురించి చర్చిల అడిగినోన్ని నేనే. గిప్పుడు వీని గురించి గూడ నేనే అడుగుతున్న. వీనిది గూడ పానమే. కోర్టు ఏసే శిక్ష ఏయనీయుండ్రి, సంపకుండ్రి" అన్నడు. ఎవడో భుజం మీద ఒక్కటేసిండు. నిలవడ్డడే గని జరగలే.

గప్పుడు ఒక ఆడిమనిషి ముందుకొచ్చింది. ఆ పోరని తల్లి. నా ఈడు గూడ ఉండదు. ఆమె చెయ్యెత్తంగనే అందరు ఆగిన్రు. మీ తాత మొకం సూసి, "పెద్దయ్యా, నా కొడుక్కు గిట్ల అడ్డం నిలవడేటోడు ఒక్కడు గూడ లేకుండెనా?" అన్నది.

తిట్టలే, శాపమియ్యలే. అడిగింది, గంతే. మీ తాత గడప మీద కూలవడి పసిపోరని లెక్క ఏడ్సిండు. ఆళ్లు ఆటో ఎక్కి ఎల్లిపోయిన్రు.

ఆమె మీద జాలికి ఏడ్సిండనుకున్న నేను. తెల్లారి మడుల కాడ చెప్పిండు. మన చేను ఆ తోట గోడకు ఆనుకొనే ఉన్నది గద. "ఆనాడు పొద్దుగాల నేను నీళ్లు తిప్పుతున్న. అరుపులు ఇనబడ్డయి. అమ్మా, అమ్మా అంటున్నడు. దొంగ దొరికినట్టున్నడు, మన వైరు గూడ ఒకపారి పాయె గద, రెండు దెబ్బలు పడనీ అనుకున్న. ఇంకో మడికి నీళ్లు తిప్పిన. జరసేపటికి అరుపులు ఆగినయి. ఇడిసిపెట్టిన్రనుకున్న" అన్నడు.

మల్ల ఏడు పాస్టరయ్య తనే ఇంటికొచ్చిండు. అయిందేదో అయింది, రెండో మాట నువ్వే చెప్పాలె అన్నా, అన్నడు. పాపం మంచిగనే అడిగిండు. మీ తాత చేతులు జోడిచ్చి, ఇంకోళ్లకియ్యుండ్రి, నాకు నోరు రాదు అన్నడు. ఆనాటి సంది చివరి బెంచీల కూసునుడే. రెండో మాట కాడికి రాంగనే తల దించుకునేటోడు.

ఆయన పోయిన్నాడు ప్రభు వచ్చి పెట్టె మోసిండు. మా తమ్ముడు రోడ్డు మీద నిలవడ్డడు, లోపటికి రాలే. నేను సూసిన, ఆడు మొకం తిప్పుకున్నడు. ఒక్కోసారి మీ తాత మీద మస్తు కోపమొస్తది బిడ్డా, చెప్పింది నిజమే గని నాకు తమ్ముడు లేకుండ చేసిండని. మల్ల ఆ గడప మీద ఏడ్సింది యాదికొస్తది, కోపం యాడికి పోతదో...

ఇగ నువ్వు కాలేజీల మంచిగ సదువుకో. పెద్ద నౌకరి జెయ్, సల్లగుండు. ఎవరన్న అరుస్తుంటె ఇనంగనే ఉరికే కాళ్లు దేవుడు నీకియ్యాలె బిడ్డా. రోజు నేను గదే అడుగుతున్న... ఇంకేం అడగను.