క్విగ్లీ బంతులు పట్టిన చెయ్యి

ఆఖరి ఆట గెలిచిన మర్నాడు, ఒహాయో గనుల ఊళ్లో డాక్టరు ఒక ఆటగాడి చెయ్యి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు.

“ఏ రైలు కింద పెట్టావయ్యా దీన్ని?”

“రైలు కాదు డాక్టరుగారూ, క్విగ్లీ! బేస్‌బాల్‌లో పద్నాలుగేళ్లు అతను విసిరిన బంతి పట్టింది నేనే.”

“చేతికి తొడుగు లేకుండానా?”

“తొడుగు వేసుకుంటే జనం గౌను కూడా తొడుక్కోమనేవాళ్లు. ఈ బొటనవేలు మొదటి ఏడాది విరిగింది. బంతి ఎటు వంపు తిరుగుతుందో అప్పట్లో అతనికే తెలిసేది కాదు. ఈ చూపుడువేలు, వరసగా పంతొమ్మిది ఆటలు గెలిచిన ఏడాది.”

“మూడొందల గెలుపులని ఇవాళ పేపరు నిండా అతని బొమ్మే. నీ పేరు ఆవగింజంత కూడా లేదే!”

“పొద్దున నా చొక్కా గుండీలు పెట్టింది ఆ బొమ్మలో మనిషేనండీ.”

“సరే, ఈ చిటికెనవేలు దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. వంకర తీసేస్తాను, ఇటివ్వు.”

అతను చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“నొప్పి తగ్గించండి, వంకర మాత్రం ఉంచండి. నిన్న ఆఖరి బంతికి విరిగిందిది. నేను జారవిడిచి ఉంటే ఆ మూడొందలవ గెలుపు లేదు. వేలు విరిగింది గానీ, బంతి కింద పడలేదు!”